సింగిల్ లైను సింహాసనం

వచ్చే మార్చిలో లోకం అంతమైపోతుందని ఆ ఇంటి కొత్త కోడలికి పెళ్ళయిన నాలుగో నెలలో తెలిసింది. చెప్పింది ఏ ప్రవక్తో కాదు, రొట్టె మీద వెన్న రాసుకుంటున్న మామగారు.

అప్పటిదాకా ఆమె లోకం మహా ముచ్చటగా సాగుతోంది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు భుజాలు ఆనించుకుని నిలబడి ఉంటే చూసి నవ్వుకునేది. మొగుడు చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకుంటే, విప్పి మళ్ళీ పెట్టే పని తనకే దొరికిందని మురిసిపోయేది. అటువంటి మనిషికి ఏడు నెలల్లో అంతా సరి అంటే ఎలా ఉంటుంది?

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో గొడవంతా మామగారి ఎడమ కన్ను గురించి. కుడిదీ అంతంతమాత్రమే గానీ, ఎడమదాంట్లో శుక్లం బాగా ముదిరిపోయిందని ముందురోజే డాక్టరమ్మ తేల్చి చెప్పింది. గురువారం ఎనిమిదింటికి ఆపరేషనుకు చోటు ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే కంటిలో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది, ఆ తర్వాత ఎంత పెద్ద డాక్టరొచ్చినా పోయిన చూపు తిరిగి రాదు. మామగారు అంతా శ్రద్ధగా విని, ఆలోచించి చెబుతానని ఇంటికొచ్చేశారు. ఆలోచన ఇప్పుడు బయటపడింది.

"రేపు కూలగొట్టే ఇంటికి ఇవాళ సున్నం కొట్టిస్తామా?" అన్నారాయన. "ఏడు నెలల కోసం కంటికి కత్తి ఎందుకు? అప్పుడు ఎలాగూ దేవుడు కొత్త కళ్ళే ఇస్తాడు."

"మీ లోకం సంగతి నాకు తెలీదు," అంది అత్తగారు. "నిన్న చక్కెర అనుకుని టీలో రెండు చెంచాలు ఉప్పేశారు. నా లోకం నిన్ననే అంతమైంది."

"నాన్నా, ఊళ్ళో సగం మందికి కళ్ళజోళ్ళు పెట్టేది నేను," అన్నాడు కొడుకు. అతనిది వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం. "నా తండ్రే గోడలు తడుముకుంటూ నడిస్తే నా కొట్టుకి ఎవడొస్తాడు? దీపం కింద చీకటంటే ఇదే."

"చీకటైతే అయింది. మార్చిదాకా ఓర్చుకో."

కోడలు కప్పు కింద పెట్టింది. కాలేజీలో ఆమె చదివింది చరిత్ర. అందులోనూ తొలి క్రైస్తవులు మనుషుల చరిత్రను ఎలా అర్థం చేసుకున్నారన్నది రెండేళ్ళపాటు పట్టుకుని కూర్చుంది. ఆ చదువు ఉప్పుకా పప్పుకా అని స్నేహితురాళ్ళు ఏడిపించేవారు. ఇప్పుడు ఆమెకు ఒళ్ళంతా చురుకు పుట్టింది.

"మామయ్యా, ఆ లెక్క నాకోసారి చూపిస్తారా?"

ముప్పై ఏళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అత్తగారు నుదురు కొట్టుకుంది. మామగారు మాత్రం వెన్న చెయ్యి తుడుచుకోకుండానే లేచి, బీరువా మీది పొడుగాటి కాగితం చుట్ట దింపుకొచ్చారు.

మామగారు రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్ళు టైంటేబుల్ తయారుచేసిన మనిషి. ఏ బండి ఏ స్టేషను ఎన్నింటికి దాటాలో, ఎక్కడ ఏది ఆగి దేనికి దారివ్వాలో పెద్ద గళ్ళ కాగితం మీద ఏటవాలు గీతలుగా గీయడం ఆయన పని. ఆ చేత్తోనే ఆయన మనుషుల చరిత్ర మొత్తాన్ని గీశారు. కాగితం బల్ల దాటి కుర్చీ మీదికి, అక్కణ్ణుంచి నేల మీదికి పోయింది. ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు కప్పులు పెట్టారు. మొదటి మనిషి ఎడమ చివర బయలుదేరాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో ఏటవాలు గీత. జలప్రళయం ఎర్ర సిరా, యూదుల చెర నీలం సిరా. కుడి చివర, కుర్చీ కాలి పక్కన, వచ్చే మార్చి.

"దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడు," అన్నారు మామగారు. "ఆయన దగ్గర ఒక్క రోజంటే మనకి వెయ్యేళ్ళు. అంటే ఈ బండిది ఆరువేల ఏళ్ళ ప్రయాణం. బయలుదేరిన టైము తెలిస్తే చేరే టైము తెలీదా?"

"ఈ మాట పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటే అన్నారు మామయ్యా. ఒకాయన అయితే, దేవుడి మందసం పెట్టె పొడుగు, వెడల్పు, ఎత్తు కూడితే అయిదున్నర మూరలు వచ్చింది గనక, మూరకి వెయ్యేళ్ళ చొప్పున ప్రభువు పుట్టింది సృష్టి అయ్యాక అయిదువేల అయిదు వందల ఏళ్ళకే అన్నాడు."

"పెట్టె కొలిచి లోకం వయసు చెప్పాడా!" మామగారి ముఖం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు తల్లీ నువ్వు?"

"మీ అబ్బాయి నా కళ్ళజోడు సరిచేసేదాకా మా ఊళ్ళోనే ఉన్నాను."

నెలాఖరున సంఘం పెద్దలకు ఆ చార్టు చూపించాలని మామగారి పట్టుదల. దానికి సిరాతో మంచి ప్రతి ఒకటి రాయాలి. కానీ పెన్సిల్ గీతలు ఆయన కంటికి ఆనడం లేదు. "నీ కళ్ళు నాలుగు రోజులు నాకియ్యి," అని అడిగారు. ఆమె సరేనంది. గురువారం ఎనిమిదింటికి ఈ పెద్దమనిషిని ఆ ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టకపోతే తను చదివిన చదువు చదువే కాదని మనసులో ఒట్టు పెట్టుకుంది.

సోమవారమంతా ఆమె చదువుతూ పోయింది, ఆయన బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ అవునంటూ పోయారు. ఆమె మోచేతుల దాకా సిరా. మధ్యాహ్నం మొగుడొచ్చి ఆ చేతులు చూసి, "ప్రొఫెసరు గారూ, మా నాన్నని మార్చమంటే మీరే మారిపోయేలా ఉన్నారే," అన్నాడు. ఆమె అతని ముక్కు మీద ఒక సిరా చుక్క పెట్టి పంపించింది.

మంగళవారం పొద్దున రాజుల దగ్గరకు వచ్చారు. ఒక రాజు ఏలుబడి యాభై రెండేళ్ళు. ఆ గీత ఎక్కడ ఆగిందో అక్కడే అతని కొడుకు గీత మొదలై పదహారేళ్ళు సాగింది. ఆమె కలం ఆగింది.

"మామయ్యా, ఈ రాజుకి చర్మరోగం వచ్చింది కదా?"

"వచ్చింది. పోయేదాకా వేరే ఇంట్లో ఉంచారు."

"మరి అన్నాళ్ళూ రాజ్యం చూసింది?"

"కొడుకు."

"అంటే తండ్రి బతికి ఉండగానే కొడుకు ఏలాడు. ఆ ఏళ్ళు తండ్రి లెక్కలోనూ ఉండొచ్చు, కొడుకు లెక్కలోనూ ఉండొచ్చు. మీరు ఒకరి తర్వాత ఒకర్ని వేశారు."

"వెయ్యక?" మామగారు ఆశ్చర్యపోయారు. "పాత తరాలవాళ్ళు జంట లైను, తండ్రీ కొడుకులు పక్కపక్కనే పోవచ్చు. సింహాసనం సింగిల్ లైను తల్లీ. ఒక బండి సెక్షను దాటేదాకా రెండోది సిగ్నల్ దగ్గర ఆగాలి. ఒకే సెక్షనులోకి రెండు బళ్ళు వదిలితే ఏమవుతుందో తెలుసా?"

ముప్పై ఎనిమిదేళ్ళు రెండు బళ్ళు ఎదురెదురు పడకుండా కాసిన మనిషికి, ఒకే గద్దె మీద ఇద్దరు రాజులు ఎలా మనసుకెక్కుతారు? పని ఉందని చెప్పి, రాజుల జాబితా ఒక చీటీ మీద ఎక్కించుకుని మొగుడి దుకాణానికి నడిచింది.

అతను సానరాయి మీద ఒక అద్దం అంచు అరగదీస్తున్నాడు. నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. ఆమె ఎత్తు బల్ల మీద కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ లెక్క మళ్ళీ వేసింది. తండ్రీ కొడుకులు కలిసి ఏలిన చోట్లు ఒక్కటి కాదు, చాలా ఉన్నాయి. అన్నీ తీసేస్తే మామగారి లెక్కలో నలభై ఆరేళ్ళు ఎక్కువ పడ్డాయని తేలింది.

"అంటే మార్చిలో కాదన్నమాట!" అతను అద్దం పక్కన పడేశాడు. "ఇంకా నలభై ఆరేళ్ళుంది. నాన్నకి అరవై ఎనిమిది, నూట పద్నాలుగు వచ్చేదాకా బెంగ లేదు. ఇంకేం, వెళ్ళి చెప్పెయ్. ఆపరేషను ఖాయం!"

"చెప్తాను. తప్పు తప్పే గనక చెప్పాలి. కానీ నాకేదో భయంగా ఉంది."

"దేనికి?"

"ఇది తారీకు జరపడమే కదా. పాతవాళ్ళూ ఇదే చేశారు. గడువు దగ్గర పడేకొద్దీ కొత్త లెక్క కట్టి దూరం జరిపేవారు. జరిపిన ప్రతిసారీ మళ్ళీ దాని కోసమే కూర్చునేవారు."

"పాతవాళ్ళకి గురువారం అపాయింట్‌మెంట్ లేదు కదటోయ్!"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. లేచి వెళ్తుంటే అతను ఆమె కళ్ళజోడు తీసి, ఊది, తుడిచి మళ్ళీ ముక్కు మీద పెట్టాడు. దాంతో ఆమెకు సగం ధైర్యం వచ్చింది.

ఆ సాయంత్రమే చెప్పింది. మామగారు ఒక్కొక్క రాజునూ నోటితో చెప్పించుకుని, వేళ్ళమీద వేసుకుని, మళ్ళీ మొదటినుంచీ వేసుకున్నారు. నలభై ఆరే వచ్చింది. గంతులేస్తారనుకుంది ఆమె. ఆయన ముఖం చిన్నబోయింది.

"ముప్పై ఎనిమిదేళ్ళలో నా టైంటేబుల్ వల్ల రెండు నిమిషాల తేడా రాలేదు. ఇప్పుడు నలభై ఆరేళ్ళా?" అన్నారు మెల్లగా. చార్టు చుట్టి ఒళ్ళో పెట్టుకుని, అన్నం కూడా వద్దన్నారు.

బుధవారం పొద్దున ఆయన తీర్పు వినబడింది. ఆపరేషను ఇప్పట్లో లేదు. మొదటి మనిషి దగ్గర్నుంచీ లెక్క మళ్ళీ కట్టాలి. కంటికి కట్టు కడితే వారం పోతుంది. ఈ కాస్త చూపు ఉండగానే పని ముగించాలి.

"దిద్దావు కదమ్మా! ఇంక ఈయన ఇంకో ముప్పై ఏళ్ళు దిద్దుతారు," అంది అత్తగారు. చీరకొంగుతో కళ్ళొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అందరికంటే ఎక్కువ ఏడవాల్సింది తను అనిపించింది కోడలికి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. సాయంత్రం అయిదింటిలోగా ఏ సంగతీ చెప్పకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రి వాళ్ళు ఫోను చేశారు. మొగుడు దుకాణం మూసి ఇంటికొచ్చి, వసారాలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. నాలుగయింది.

ఏడిస్తే శుక్లం కరగదు. ఆమె ముఖం కడుక్కుని, పీట ఒకటి లాక్కుని మామగారి ఎదుట కూర్చుంది.

"కొత్త లెక్క మొదలుపెట్టడానికా?" అన్నారాయన.

"కాదు, పోట్లాడటానికి."

"మీ అత్తయ్య పంపిందా?"

"నేనే వచ్చాను. మామయ్యా, తప్పింది మీరొక్కరే కాదు. లెక్క కట్టిన ప్రతివాడూ దిద్దుకున్నాడు. ఆరువేలు దగ్గర పడుతున్నాయని తెలిసి ఇంకొకాయన లోకం వయసులో ఏకంగా మూడు వందల ఏళ్ళు తగ్గించేశాడు."

"బండి రాలేదని బోర్డు మీద టైము మార్చాడా?"

"అచ్చంగా అదే."

మామగారు నవ్వకూడదనుకుంటూనే నవ్వారు. "మా స్టేషను మాస్టర్లలోనూ ఉండేవారు అలాంటివాళ్ళు."

"ఆ తర్వాత ఒక బిషప్పు వచ్చాడు. ఆయన బతికి ఉండగానే ఆ కాలపు మహా నగరాన్ని శత్రువులు దోచుకున్నారు. ఇంకేముంది, అంతం వచ్చేసిందని జనం గగ్గోలు పెట్టారు. ఆయన ఒప్పుకోలేదు. ఆ ఘడియ తెలుసుకోవడం మీ పని కాదని ప్రభువు చెప్పేశాడు, ఇక లెక్కలు కట్టే వేళ్ళకి సెలవివ్వండి అన్నాడు."

మామగారు తన వేళ్ళ వైపు చూసుకున్నారు. బొటనవేలు ఇంకా మూడో కణుపు మీదే ఉంది.

"ఆయనా చరిత్రని ఆరు భాగాలే చేశాడు," అంది ఆమె, జంకకుండా. "కానీ మనిషి బతుకులా చేశాడు. పసితనం, బాల్యం, కుర్రతనం, యవ్వనం, నడివయసు. ఆరోది ముసలితనం. ప్రభువు వచ్చినప్పట్నుంచీ మనం ఉన్నది అందులోనే. మొదటి అయిదింటికీ హద్దులు చెప్పాడు. ముసలితనానికి మాత్రం చెప్పలేదు. అరవై దగ్గర మొదలైతే, మిగతా అయిదూ కలిపినంత పొడుగూ సాగొచ్చు అన్నాడు."

"అంటే నూట ఇరవై దాకానా?"

"అమ్మో!" అంది వంటింట్లోంచి అత్తగారు.

మొగుడు వసారాలోంచి తొంగిచూశాడు. ఆమె వేలు అడ్డంగా ఊపింది. అతను తల వెనక్కి లాక్కున్నాడు.

"ఇంకో మాట కూడా అన్నాడు మామయ్యా. లోకం కుర్రదిగా, బలంగా ఉన్నప్పుడు పుట్టలేదట ప్రభువు. నడుం వంగి, అంతా అయిపోయిందనుకున్నాక పుట్టాడు. కొత్త మనిషి మొదలయ్యేది ముసలితనంలోనే అంటాడాయన. మీరేమో ముసలితనాన్ని చివరి స్టేషనులో బెంచీ అనుకుని కూర్చున్నారు."

గోడ గడియారం నాలుగున్నర కొట్టింది.

"మరి చేరే టైము?" అన్నారు చివరికి.

"ఆయన రాయలేదు."

"టైము లేని బండి టైంటేబుల్లో ఉండదమ్మా."

"టైంటేబుల్లో లేని బండి మీ ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కటీ రాలేదా?"

"ఎందుకు రాలేదు? స్పెషల్ బళ్ళు వచ్చేవి. ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారు, లైను ఖాళీగా ఉంచండి అని కబురొచ్చేది. ఎప్పుడని చెప్పేవారు కాదు."

"అప్పుడేం చేసేవారు?"

"చేసేదేముంది? లైను ఖాళీగా ఉంచాలి. సిగ్నల్ కేబిన్లో వాడు కిటికీ దగ్గర నిలబడి, కన్నార్పకుండా చూస్తూ ఉండాలి. టైము తెలిసిన బండికైతే ఒక కునుకు తియ్యొచ్చు. తెలీని బండికే..."

మాట అక్కడ ఆగిపోయింది. మామగారు ఆమె వైపు, ఆమె ఉన్న చోటనుకున్న వైపు, కోపంగా చూశారు.

"నోరు మూసుకున్నావేం?"

"మీరు మాట్లాడుతున్నారుగా మామయ్యా, వింటున్నాను."

"చూపు తగ్గినవాణ్ణి కేబిన్ మెట్లు కూడా ఎక్కనిచ్చేవాళ్ళు కాదు," అన్నారాయన తనలో తాను. "ఎంత పాత మనిషైనా సరే. ఏటా పరీక్ష ఉండేది."

నాలుగూ నలభై. ఆయన ఒళ్ళోని చార్టు నిమిరారు.

"దీన్నేం చేద్దాం? పొయ్యిలో పెట్టమంటావా?"

"అయ్యయ్యో, నా చేతులు చూడండి ఎంత సిరా అయిందో! పొయ్యిలో పెట్టనిస్తానా? రాజుల దగ్గర జంట లైను వేద్దాం. ఎవరి తర్వాత ఎవరు, ఎవరి పక్కన ఎవరు అన్నది నిజమే కదా, అది ఉంచుదాం. చివరి స్టేషనూ ఉంచుదాం. తారీకొక్కటే చెరిపేద్దాం."

"ఇలా తే రబ్బరు. ఇప్పుడే చెరిపేస్తాను."

"ఇప్పుడొద్దు. మీకు కనబడక పక్కనున్న చివరి స్టేషన్ని కూడా చెరిపేస్తారు."

మామగారు పకపకా నవ్వారు. నవ్వుతూనే, "ఒరేయ్, ఆ ఫోను పట్టుకుని ఎంతసేపు నిలబడతావురా?" అని కేకేశారు. "వస్తున్నామని చెప్పు. ఎనిమిదికంటే ఎనిమిదికి. వాళ్ళు ఆలస్యం చేస్తే ఊరుకోనని కూడా చెప్పు."

వసారాలో ఏదో కిందపడ్డ చప్పుడైంది. ఫోనే. పగల్లేదు.

గురువారం పొద్దున ఏడున్నరకే నలుగురూ ఆసుపత్రి వరండాలో ఉన్నారు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. లోపలికి తీసుకుపోతుంటే భార్య చెయ్యి పట్టుకుని, "ఉప్పు సంగతి మర్చిపో," అన్నారు. అత్తగారు తల ఊపింది. తలుపు మూసుకుంది. కోడలు బల్ల మీద కూర్చుని మొగుడి చొక్కా బొత్తాలు లెక్కపెట్టింది. ఇవాళ సరిగ్గానే పెట్టుకొచ్చాడు. కొంచెం నిరాశపడింది కూడా.

గంటకల్లా తలుపు తెరుచుకుంది. ఎడమ కంటికి తెల్లటి కట్టుతో మామగారు చక్రాల కుర్చీలో బయటికొచ్చారు. వెనకే డాక్టరమ్మ.

"సమయానికి వచ్చారు. నరం బాగానే ఉంది, చూపు వస్తుంది," అంది డాక్టరమ్మ. అత్తగారు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. కోడలి చేతిని ఆమె మొగుడు నొప్పెట్టేంతగా నొక్కాడు. "కుడి కంట్లోనూ శుక్లం ఉంది, కానీ దానికి ఇంత తొందర లేదు. దాన్ని వచ్చే ఏడు చేద్దాం. మేలోనో జూన్‌లోనో."

మార్చి దాటాక. ముగ్గురూ కుర్చీ వైపు చూశారు.

మామగారు తల కొంచెం పక్కకు వంచారు. "తారీకు?"

"ఇప్పట్నుంచే తారీకు ఎలా చెప్పమంటారండీ? కన్ను ఎలా ఉందో చూసుకోవాలి కదా."

మామగారి చెయ్యి ఒళ్ళో కదిలింది. బొటనవేలు మొదటి కణుపు దాకా వెళ్ళింది. అక్కడ ఒక్క క్షణం ఆగి, వేళ్ళన్నీ విప్పి కుర్చీ చేతి మీద చాపుకున్నారు.

"లేకపోతే పోనీండి," అన్నారు. "పేరు మాత్రం ఇవాళే రాసుకోండి. పిలిచినప్పుడు వస్తాను."